పరుగు మాటలు

కుట్టు షాపు నుంచి,
సోమవారం

వదిన గారికి నమస్కారం.

మీరు పంపిన పత్రిక అందింది. మీ తమ్ముడి ఫోటో బాగా పడింది. కింద మీరు రాసిందంతా ఇంగ్లీషు కాబట్టి మీ పేరూ ఆయన పేరూ తప్ప నాకేమీ తెలియలేదు. ఎదురు కళ్ళజోళ్ళ షాపాయన చదివి "చాలా గొప్పగా రాశారమ్మా" అన్నాడు. ఏం రాశారండీ అని అడిగితే "అదే, మీ ఆయన గురించి" అన్నాడు. సరేలెమ్మని కత్తెరలు పెట్టుకునే సొరుగులో దాచుకున్నాను.

ఫోన్ చేద్దామనుకున్నాను గానీ మీ చెవుల సంగతి తెలిసిందే కదా. నేనొకటి చెబితే మీకింకోటి వినిపిస్తుంది, చివరికి ఇద్దరం ఏడ్చి పెట్టేస్తాం. అందుకే రాస్తున్నాను.

ఆయన్ని గుద్దిన లాండ్రీ వ్యాను మీద విచారణ ఖాయమైంది. ముగ్గురు అధికారులు కూర్చుని వింటారట. మాటా రాతా అంతా ఇంగ్లీషులోనే. ఆ రోజు పోలీసు స్టేషన్లో నేను చెప్పింది ఇంగ్లీషులో చెప్పడానికి ఒక మనిషిని పెట్టారు, గుర్తుందా? ఆ కాగితం నకలు ఇప్పుడిచ్చారు. కళ్ళజోళ్ళాయన చదివి పెట్టాడు. నేను చెప్పిందేమిటంటే, వ్యాను మూల మీంచి రయ్యిమని దూసుకొచ్చింది, ఆయన్ని చూశాక కూడా ఇంకా జోరు పెంచింది, ఆయన్ని కొట్టేసి వెనక్కి తిరిగి చూడకుండా ఉడాయించింది అని. ఆ మనిషి రాయించింది మూడే ముక్కలు. వ్యాను వచ్చింది. తగిలింది. వెళ్ళింది. ఏదో పాలవాడు వచ్చి వెళ్ళినట్టు.

వాళ్ళ కంపెనీ ఏమంటోందో మీకు తెలుసు. మీ తమ్ముడే ఆగి ఉన్న కార్ల మధ్య నుంచి ఉన్నట్టుండి రోడ్డు మీదికి పరుగెత్తాడనీ, డ్రైవరుకి బ్రేకు వేసే వ్యవధి లేకపోయిందనీ. చూసిందాన్ని నేనొక్కదాన్నే. షాపు గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఆయన నడిచి వస్తున్నాడు వదినా. దాటాల్సిన చోటే దాటుతున్నాడు.

నా మాట నమ్మకపోతే ఆ డ్రైవరు మళ్ళీ ఇదే రోడ్డు మీదికి వస్తాడు. ఇప్పుడు ఇంకెవరో నడుపుతున్నారు. ఆ వ్యాను చప్పుడు వినపడితేనే మిషన్ ఆపేస్తున్నాను, ఇక ఆ మనిషే వస్తే ఈ గుమ్మంలో ఎలా కూర్చోను? పైగా మీ తమ్ముడు తన తప్పు వల్లే పోయాడని రాసి మూసేస్తారు.

ఈసారి నా నోటితో నేనే చెబుతాను. వేగంగా రావడాన్నీ పోవడాన్నీ ఇంగ్లీషులో ఏమంటారో నేర్పండి. మిగతా ఇంగ్లీషు అక్కర్లేదు.

మీ మరదలు

*

మేడ మీద గది నుంచి,
శుక్రవారం

మరదలా,

నీ ఉత్తరం చదివి ముందు ఏడ్చాను, తర్వాత ఆ అనువాదం చేసినవాణ్ణి తిట్టుకున్నాను, ఆ తర్వాత ఎర్ర పెన్ను వెతుక్కున్నాను. ఇన్నాళ్ళకి నాకు మళ్ళీ ఒక విద్యార్థి దొరికింది. అది కూడా గుడ్డలు కత్తిరించే చేతులున్న విద్యార్థి, పాఠం పాడు చేయదు.

విను. ఇంగ్లీషు క్రియ ఒంటరిగా నిలబడితే సగమే మాట్లాడుతుంది. వెనకాల చిన్న తోక తగిలించాలి. అప్పుడు ఎటు పోయిందో, ఎలా పోయిందో తేలుతుంది. రన్ అంటే ఉత్త పరుగు. రన్ అవుట్ అంటే లోపల్నుంచి బయటికి పరుగు. రన్ ఆఫ్ అంటే చెప్పా పెట్టకుండా లగెత్తడం. నీకు కావలసినవి ఇవి. మూల మీంచి దూసుకొచ్చిందనడానికి షాట్ అవుట్. జోరు పెంచిందనడానికి స్పెడ్ అప్. పక్కనుంచి రయ్యిమని పోయిందనడానికి టోర్ పాస్ట్. ఉడాయించిందనడానికి స్పెడ్ ఆఫ్. వేగం తగ్గించలేదనడానికి డిడ్ నాట్ స్లో డౌన్. పదిసార్లు నోటితో అను. మిషన్ తొక్కుతూ అను. ఎవరైనా నవ్వితే నవ్వనీ.

నేను పత్రికలో రాసింది కూడా ఈ మాటలతోనే. నీకు చదువు రాదని కాదు గానీ, చెబుతాను విను. వాడు గదిలోకి ఎలా దూసుకొచ్చేవాడో, అన్నం పళ్ళెం ముందు నుంచి ఎలా ఎగిరిపోయేవాడో, మెట్లు ఎక్కడం అంటే వాడికి ఎలా ఒకే ఒక్క గెంతో, అదంతా రాశాను. అందరి పిల్లలూ ముందు తప్పటడుగులు వేస్తారు, వీడు లేచి నిలబడ్డ రోజే పరుగందుకున్నాడు. అందుకే అమ్మ తుర్రు అని పిలిచేది. లిఫ్టు మెకానిక్ కదా, ఎక్కడైనా లిఫ్టు పాడైందని కబురొస్తే వాడు పై అంతస్తుకి మెట్ల మీద పరుగున చేరేవాడు, లిఫ్టు బాగుంటే కూడా అంత త్వరగా చేరేది కాదు. రాస్తున్నంతసేపూ వాడు నా గదిలో అటూ ఇటూ పరుగెడుతున్నట్టే ఉంది. అది అచ్చయి వచ్చాక మొదటిసారి నిద్రపోయాను.

అందుకే ఒక్క సందేహం. నడిచి వస్తున్నాడా? వాడు?

నీ వదిన

*

కుట్టు షాపు నుంచి,
బుధవారం

వదిన గారికి,

పాఠం బాగా పట్టుబడుతోంది. పెడల్ మీద కాలు నొక్కితే స్పీడ్ అప్, కాలు తీస్తే స్లో డౌన్. ఒకావిడ జిప్పు వేయించుకోవడానికి ఊపిరాడకుండా వచ్చి, ఊపిరాడకుండా పోయింది. రష్డ్ ఇన్, రష్డ్ ఆఫ్ అనుకున్నాను. గొడుగు మాత్రం ఇక్కడే వదిలేసింది, దానికి పరుగు తెలియదు పాపం. కళ్ళజోళ్ళాయన పిల్లి ఏదో చప్పుడుకి అలమర మీదికి ఎగిరింది. షాట్ అప్ అన్నాను గట్టిగా. ఆయన ఉలిక్కిపడి నా వైపు చూశాడు, నాకు మతి పోయిందనుకున్నట్టున్నాడు.

చిత్రంగా ఉంది వదినా. ఇన్నాళ్ళూ ఈ వీధిలో కూర్చుని ఏ మనిషి ఎంత వేగంగా పోతున్నాడో నేనెప్పుడూ చూడలేదు. నా కళ్ళన్నీ వాళ్ళ నడుము కొలతల మీద, చేతుల పొడవు మీద. ఇప్పుడు అందరూ పరుగెడుతూ కనిపిస్తున్నారు. ఒక్కళ్ళకీ ఆగే పని లేదు.

వాక్యాలు రాశాను, దిద్దండి. ద వ్యాన్ షాట్ అవుట్ ఫ్రమ్ ద కార్నర్. ఇట్ స్పెడ్ అప్. మై హస్బెండ్ వాజ్ వాకింగ్ ఎక్రాస్. ఇట్ డిడ్ నాట్ స్లో డౌన్. ఇట్ స్పెడ్ ఆఫ్.

మీ సందేహానికి జవాబు అందులోనే ఉంది. నడుస్తున్నాడు.

మీ మరదలు

*

మేడ మీద గది నుంచి,
ఆదివారం

మరదలా,

వాక్యాలు ముత్యాల్లా ఉన్నాయి. కార్నర్ ముందు ద మర్చిపోలేదు, అక్కడే నువ్వు నా బళ్ళో సగం మంది పిల్లల్ని మించిపోయావు. వ్యాను గురించి చెప్పేటప్పుడు గొంతు కిందికి దించకు. కళ్ళు బల్ల మీద పెట్టుకోకు. నీ అలవాటు నాకు తెలుసు, పెళ్ళిచూపుల్లో నువ్వు మీ ఇంటి చాప డిజైన్ మొత్తం కంఠతా పట్టావు.

మూడో వాక్యంలో తప్పేమీ లేదు. కానీ నువ్వూ నేనూ ఒకే మనిషి గురించి మాట్లాడుకుంటున్నామా అనిపించింది. కిందటిసారి నేను మీ ఇంటికొచ్చినప్పుడు కూడా నా సంచి లాక్కుని మెట్ల మీద పరుగెత్తినవాడే కదా వాడు. నేను రెయిలింగ్ పట్టుకుని రొప్పుతుంటే పైనుంచి "ముసలమ్మా, రా" అని వెక్కిరించాడు కూడా.

పరవాలేదు. నాకర్థమైంది. నువ్వు నడిచాడనే చెప్పు. ఎవరడిగినా అదే చెప్పు. జీవితమంతా పిల్లల చేత నిజం రాయించినదాన్ని, ఈ ఒక్కసారికి దీన్ని కూడా దిద్దిపెడతాను. వాడు బస్సుకోసమో, నిన్ను చూసో పరుగెత్తే ఉంటాడు. ఆ వ్యాను నిదానంగా వచ్చి ఉంటే వాడు ఎంత పరుగెత్తినా ఏమయ్యేది కాదు. కాబట్టి మన తప్పు లేదు. నీ మనసులో కూడా ఆ బెంగ పెట్టుకోకు.

నీ వదిన

*

కుట్టు షాపు నుంచి,
శనివారం

వదిన గారికి,

మీరు నా మీద ప్రేమతోనే రాశారని తెలుసు. కానీ అది అబద్ధం కాదు. ఆయన నడుస్తున్నాడు. ఎందుకు అంత కచ్చితంగా చెబుతున్నానో మీకు రాయలేను. మీతో అననని ఆయనకి మాట ఇచ్చిన సంగతి ఒకటుంది. విచారణలో మాత్రం చెబుతాను, తప్పదు.

ఆయనతో పనిచేసిన మెకానిక్ ఇంటికి వెళ్ళాను. వచ్చి ఒక్క ముక్క చెప్పమన్నాను. తలుపు దగ్గరే నిలబెట్టి మాట్లాడాడు. "నన్ను ఇందులోకి లాగకమ్మా, నా ఉద్యోగం పోతుంది" అన్నాడు. వాళ్ళావిడ లోపల్నుంచి టీ తెచ్చేలోగా నేను మెట్లు దిగేశాను.

పత్రికలో మీరు రాసింది చదివాను. డిక్షనరీ పక్కన పెట్టుకుని, రోజుకి కొంచెం. మీరు నేర్పిన మాటలన్నీ అందులో ఉన్నాయి, ఒక్కొక్కటీ ఎదురుపడుతుంటే తెలిసినవాళ్ళని చూసినట్టే ఉంది. ఆయన్ని మీరు ఎంతగా చూసుకున్నారో అర్థమైంది. చాలా బాగుంది వదినా. అందులో ఒక్క మాట కూడా మార్చాలనిపించలేదు.

వచ్చే గురువారం విచారణ.

మీ మరదలు

*

మేడ మీద గది నుంచి,
సోమవారం

మరదలా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. వాడు నా దగ్గర దాచే సంగతా? వాడి నోట్లో నువ్వుగింజ నానదు. సరే, నువ్వు మాట ఇచ్చావు, నేనడగను. అడగనని రాస్తూనే అడుగుతున్నాననుకో.

నువ్వు నా వ్యాసం చదివావని తెలిసి గర్వంగా ఉంది. అది బాగా పేరు తెస్తున్నట్టుంది. నిన్న ఒక అబ్బాయి వెతుక్కుంటూ వచ్చాడు. చక్కగా ఇస్త్రీ చేసిన చొక్కా, మాట నెమ్మది, నా చెవులు చూసి ఏమాత్రం విసుక్కోకుండా ప్రతి ప్రశ్నా కాగితం మీద రాసి చూపించాడు. పత్రిక పట్టుకొచ్చాడు. "ఇది రాసింది మీరేనా మేడమ్? ఇందులో ఉన్నదంతా నిజమేనా?" అని అడిగాడు. నిజం కాకపోతే అచ్చెందుకు వేయిస్తాను నాయనా అన్నాను. కింద సంతకం పెట్టమన్నాడు. ఇలాంటివి దాచుకునే వాళ్ళు ఇంకా ఉన్నారని నాకు తెలియదు. తేదీ కూడా వేయమంటే వేశాను. పనిలో పనిగా ప్రెస్సువాడు చేసిన అచ్చుతప్పు ఒకటి ఎర్ర పెన్నుతో దిద్ది మరీ ఇచ్చాను. ఏ పత్రికవాడో, పుస్తకం వేస్తాడేమో అడగడం మర్చిపోయాను. వాడు మాత్రం కాఫీ తాగి, గ్లాసు తనే కడిగి పెట్టి వెళ్ళాడు.

గురువారం మంచి చీర కట్టుకుని వెళ్ళు. తల ఎత్తు. షాట్ అవుట్, స్పెడ్ అప్, స్పెడ్ ఆఫ్. వాళ్ళు ముగ్గురూ ఆ వ్యానుని కళ్ళారా చూడాలి.

నీ వదిన

*

కుట్టు షాపు నుంచి,
శుక్రవారం

వదిన గారికి,

అయింది. చెప్పాల్సింది చెప్పాను. తల ఎత్తే చెప్పాను. తడబడలేదు. మీరు నేర్పిన మాటలన్నీ వరసగా వచ్చాయి.

కంపెనీ లాయరు కూడా ఏవో చదివాడు. అవన్నీ రాసేంత ఓపిక లేదు. తీర్పు పోస్టులో వస్తుందట.

మీరు మందులు వేసుకుంటున్నారా? చలి పెరిగింది, చెవులకి మఫ్లర్ కట్టుకోండి.

మీ మరదలు

*

మేడ మీద గది నుంచి,
గురువారం

మరదలా,

ఇది ఉత్తరమా, టెలిగ్రామా? ఇన్ని వారాలు పాఠాలు చెప్పించుకుని పరీక్ష ఎలా రాశావంటే మందులు వేసుకో అంటావా? లాయరు ఏం చదివాడు? నిన్నేమడిగాడు? ఆ ముగ్గురి మొహాలు ఎలా ఉన్నాయి? నడిచాడని నువ్వన్నప్పుడు నమ్మారా? ఆ అబ్బాయి మళ్ళీ రాలేదు, పుస్తకం సంగతి ఏమైందో. నాకిక్కడ పలకరించే దిక్కు కూడా లేదు. ఒక్క పేజీ రాస్తే నీ సొమ్మేం పోతుంది?

నీ వదిన

*

కుట్టు షాపు నుంచి,
మంగళవారం

వదిన గారికి,

తీర్పు వచ్చింది. డ్రైవరు తప్పు లేదన్నారు. మీ తమ్ముడిదే అన్నారు.

నకలు పంపమని మీరడుగుతారని తెలుసు. అక్కర్లేదు, చదివి ఏం చేస్తాం. మీరు బాధపడకండి, మీరు చేయగలిగింది చేశారు, నేనూ చేశాను. ఇంక పాఠాలు వద్దు వదినా. మామూలు సంగతులే రాసుకుందాం.

మీ మరదలు

*

మేడ మీద గది నుంచి,
శనివారం

మరదలా,

నువ్వు పంపకపోతే నేను తెప్పించుకోలేననుకున్నావా? ఆఫీసుకి రాశాను, నకలు పంపారు. ఇంగ్లీషు బాగా చదవగలనని నేను పడ్డ గర్వమంతా ఆ కాగితాలతో తీరిపోయింది.

అందులో నేనున్నాను. నా వ్యాసం నుంచి నాలుగు వాక్యాలు ఎత్తి రాశారు. హీ నెవర్ వాక్డ్ ఇన్ హిజ్ లైఫ్. వాడు జన్మలో నడిచి ఎరగడని. మృతుడి సొంత అక్క, చదువుకున్న ఉపాధ్యాయిని, నిజమని సంతకం చేసి ఇచ్చిందని రాశారు. ఆ ఇస్త్రీ చొక్కా అబ్బాయి లాయరు మనిషి. వాడు నా వంటింట్లో గ్లాసు కడిగి పెట్టి వెళ్ళాడు. నేను వాడికి అచ్చుతప్పు దిద్ది ఇచ్చాను.

ఇంకా ఉంది. సాక్షి మొదట స్టేషన్లో వచ్చింది, తగిలింది, వెళ్ళింది అని మాత్రమే చెప్పిందట. ఇప్పుడు షాట్ అవుట్, స్పెడ్ అప్, టోర్ పాస్ట్ లాంటి మాటలు వరసపెట్టి చెప్పిందట. ఇవే మాటలు మృతుడి అక్క రాతలో కూడా కనిపిస్తున్నాయట. కాబట్టి ఎవరో నూరిపోసిన సాక్ష్యంలా ఉందట. నూరిపోసింది నిజమే కదా. పెడల్ తొక్కుతూ అనమని చెప్పిందాన్ని నేనే.

ఆ కిందే ఇంకో వాక్యం ఉంది. దాని దగ్గర ఆగిపోయాను. భర్త మోకాలు చాలాకాలంగా దెబ్బతిని ఉందనీ, పరుగెత్తలేడనీ సాక్షి అన్నదట. డాక్టరు రాసిన ఆధారం ఏదీ చూపలేకపోయిందట. ఒక గుడ్డ పట్టీ మాత్రం చూపించిందట.

నేను వెంటనే వాళ్ళకి రాశాను. అది నా తమ్ముడి గురించి అక్క ముచ్చటపడి రాసుకున్నది, సాక్ష్యం కాదు అని. నాలుగు పేజీలు రాశాను. విచారణ ముగిసినది, కొత్త విషయాలు స్వీకరించబడవు అని ఒకే వాక్యం జవాబు వచ్చింది.

ఏ మోకాలు? ఎప్పటినుంచి? నువ్వు లాయరు చదువుతుంటే వింటూ కూర్చున్నావా? ప్రతి మాటా నీకు అర్థమైందా? నేను నేర్పకపోయి ఉంటే నీకది వట్టి చప్పుడుగానే ఉండేది. అన్నీ తెలిసి నాకు చలికి మఫ్లర్ కట్టుకోమని రాశావా?

నేను నిన్ను అబద్ధమాడుతున్నావనుకున్నాను. దాన్ని దిద్దిపెడతానని కూడా రాశాను. ఎలా భరించావో తెలియడం లేదు. క్షమించమని అడగడానికి నాకు మొహం లేదు. వాడు ఎలా నడిచేవాడో చెప్పు. నా తమ్ముణ్ణి నేను చూడలేదు. ఇంక దాచకు.

నీ వదిన

*

కుట్టు షాపు నుంచి,
ఆదివారం

వదిన గారికి,

మీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. ఎలా మొదలుపెట్టాలో తెలియక ఆగాను. మీరు అడిగారు కాబట్టి ఆయన కూడా ఏమీ అనుకోడు.

కుడి మోకాలు. లిఫ్టు గోతిలో దిగుతూ పట్టు జారి పడ్డాడు. ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుందన్నాడు, తగ్గలేదు. డాక్టరు దగ్గరికి వెళ్తే కాగితం కంపెనీకి పోతుంది, మెట్లెక్కలేని మెకానిక్‌ని ఎవరుంచుకుంటారని వెళ్ళలేదు. పై అంతస్తుల పని ఆ తోటి మెకానిక్ చేసేవాడు, ఈయన కింది అంతస్తు పని చేసేవాడు, సంతకాలు మాత్రం ఒకరివి ఒకరు పెట్టేసేవాళ్ళు. అతను ఎందుకు రాలేదో మీకిప్పుడు అర్థమవుతుంది. అతన్ని ఏమీ అనలేం.

పట్టీ నేనే కుట్టాను. మంచి ఎలాస్టిక్ వేసి, లోపల మెత్తటి గుడ్డ పెట్టి. వాపు ఎక్కువైన కొద్దీ కుట్లు విప్పి వదులు చేసేదాన్ని. మోకాలి కొలత టేపుతో చూస్తుంటే "ప్యాంటు కుడతావా ఏంటి?" అని నవ్వేవాడు. ఆ రోజు కూడా అదే కట్టుకుని ఉన్నాడు. బట్టలతో పాటు ఆసుపత్రివాళ్ళు సంచిలో పెట్టి ఇచ్చారు. వ్యాను తగిలింది ఆ కాలికే కాబట్టి పాత దెబ్బ ఏదో కొత్త దెబ్బ ఏదో వాళ్ళు విడిగా రాయలేదు. విచారణలో దాన్ని బల్ల మీద పెట్టాను. ముగ్గురిలో ఒకాయన పెన్నుతో కదిపి చూశాడు.

మీరు కిందటిసారి వచ్చినప్పుడు ఆయన మీ సంచి లాక్కుని మెట్ల మీద పరుగెత్తాడు కదా. పొద్దున్నించీ దానికోసమే కాలు కదపకుండా కూర్చున్నాడు. మీరు వెళ్ళాక గోడ పట్టుకుని కింద కూర్చుండిపోయాడు. మీకు చెబుతానని నేనన్నాను. "అక్కకి మాత్రం చెప్పకు. అది నన్ను ఒక్కలాగే చూసింది, అలాగే ఉండనీ" అన్నాడు. పత్రికలో మీరు రాసింది చదివినప్పుడు ఆయన కోరుకున్నట్టే ఉన్నాడనిపించింది. మీకు నిద్ర కూడా పట్టిందన్నారు. అప్పుడు మోకాలి సంగతి ఎలా రాయను? రాసి ఉంటే మీరు సంతకం పెట్టేవారు కాదని ఇప్పుడు తెలుస్తోంది. నేనూ ఆలోచించలేదు వదినా, ఆ కాగితం అంత దూరం పోతుందని.

లాయరు చదువుతుంటే నాకు ప్రతి మాటా తెలిసింది. అవును. చదివాక నా వైపు తిరిగి, మీ ఆడపడుచు రాసింది అబద్ధమంటారా అని అడిగాడు. కాదన్నాను. మరేమనను? అది అబద్ధం కాదు. ఆయన ఒకప్పుడు అలాగే ఉండేవాడు, నేనూ చూశాను. కానీ ఆ లాయరుకి కావలసింది ఆ కాదన్న మాట ఒక్కటే. తర్వాత మోకాలి గురించి నాకొచ్చిన ఇంగ్లీషులో ఎంత చెప్పినా వాళ్ళు రాసుకోవడం ఆపేశారు.

డ్రైవరు సోమవారం నుంచి మళ్ళీ వస్తున్నాడు. మా షాపు దగ్గరికి వచ్చేసరికి వేగం తగ్గిస్తాడు. మనిషి నడిచినంత నెమ్మదిగా పోతుంది ఆ వ్యాను. అంత నెమ్మదిగా నడపడం వాడికి చేతనవును. నేను మిషన్ గుమ్మం దగ్గర్నుంచి తీసి లోపలి గోడకి వేసుకున్నాను. అక్కడ వెలుతురు లేదు, సూదిలో దారం ఎక్కించడం కష్టంగా ఉంది.

ఎలా నడిచేవాడని అడిగారు. ఎడమ కాలు ముందు వేసి, దాని పక్కకి కుడి కాలు తెచ్చుకునేవాడు. మధ్య మధ్యలో షాపుల అద్దాల ముందు ఆగేవాడు, ఏదో చూస్తున్నట్టు. ఎవరైనా తెలిసినవాళ్ళు ఎదురొస్తే చెప్పు తెగినట్టు కిందికి చూసుకునేవాడు. రోడ్డు దాటేటప్పుడు పూర్తిగా ఖాళీ అయ్యేదాకా నిలబడేవాడు. నేను గుమ్మంలోంచి చూస్తూ ఉండేదాన్ని. నేను చూస్తున్నానని తెలిస్తే ఆయనకి కోపం, అందుకని చేతిలో ఏదో గుడ్డ పెట్టుకుని నిలబడేదాన్ని.

ఆ రోజూ అలాగే ఖాళీ అయ్యాకే దిగాడు. సగం వచ్చాక వ్యాను మూల తిరిగింది. ఆయన చూశాడు వదినా. నాకంటే ముందే చూశాడు. ముందుకి రాబోయాడు, కాలు రాలేదు. చెయ్యెత్తి ఆగమన్నట్టు వ్యాను వైపు చూపించాడు. ఇంకో రెండు అడుగులేస్తే ఇవతలి గట్టు. ఆ ముగ్గురూ రాసినట్టు, మీరు రాసినట్టు పరుగెత్తగలిగి ఉంటే, ఆయన ఆ రోజు ఇంటికొచ్చేవాడు.

మీ మరదలు